సఫర్‌లో సెహత్: ముందు నడవాల్సింది ఎవరు?



డిసెంబరు దగ్గర పడితే మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపులకి ప్రాణం లేచి వస్తుంది. పిల్లలకి సెలవులెప్పుడు, ఎవరి కారు, ఎంతమంది, మకాం ఎక్కడ. కృష్ణా డెల్టా వైపు చుట్టాలున్నవాళ్ళకి దారి ముందే ఖరారు: మొదట గుడివాడలో ఖాలా ఇల్లు, అక్కడినుంచి బందరు, సముద్రం, ఆఖరికి దివిసీమ దిగి హంసలదీవి. ఈమధ్య ఈ ప్లాన్లకి ఒక కొత్త తోక తగిలింది. "ఈసారి తిని పడుకునే సఫర్ కాదు భాయ్, ఫిట్‌నెస్ సఫర్. రోజుకి పదివేల అడుగులు" అని ఒకరు రాస్తారు. కింద వరసగా మాషాఅల్లాహ్‌లు, బొటనవేళ్ళు.

నియ్యత్ బాగుంది. సెహత్ గురించి మన ఇళ్ళలో ఆస్పత్రి బయట కూడా మాట్లాడుకుంటున్నామంటే ఖుషీ పడాల్సిందే. కానీ ఆ మెసేజ్ రాసిందెవరో, బొటనవేలు పెట్టిందెవరో ఒకసారి చూడండి. దాదాపు అందరూ మగవాళ్ళే. ఆ పదివేల అడుగుల లెక్కలో అమ్మీ ఉందా? బేగం ఉందా? ఇంట్లో ఉన్న చెల్లెలు ఉందా?

నా రాయ్ సూటిగా చెప్పేస్తాను. కుటుంబంతో చేసే సఫర్‌కి సెహత్ మక్సద్ పెట్టుకుంటే, ఆ మక్సద్ మొదట ఇంటి ఆడవాళ్ళది కావాలి. వాళ్ళు నడవడానికి చోటు, వక్త్, ఫుర్సత్ చూసిపెట్టడం మగవాళ్ళ జిమ్మేదారీ కావాలి. మగవాళ్ళ అడుగులు ఆ తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

కిటికీలోంచి అందే టీ

మన కారు సఫర్ ఎలా సాగుతుందో యాద్ చేసుకోండి. దారిలో టీ కొట్టు దగ్గర కారు ఆగుతుంది. మగవాళ్ళు దిగుతారు, ఒళ్ళు విరుచుకుంటారు, అటూ ఇటూ పచార్లు చేస్తారు. ఆడవాళ్ళు కారులోనే. టీ గ్లాసు కిటికీలోంచి అందుతుంది, ఖాళీ గ్లాసు కిటికీలోంచే వెనక్కి పోతుంది. వంద కిలోమీటర్లు వెళ్ళినా వాళ్ళ కాలు నేల మీద పడదు.

చుట్టాలింటికి చేరాక మగవాళ్ళు జమాత్‌కి మసీదు దాకా నడుస్తారు. ఐదు నమాజులకి ఐదుసార్లు వెళ్ళి ఐదుసార్లు వస్తే అదే ఒక వ్యాయామం. ఆడవాళ్ళు నేరుగా బావర్చీఖానాలోకి పోతారు. వాళ్ళకి వెకేషన్ అంటే వంటిల్లు మారడమే. మర్నాడు సముద్రం దగ్గర మగవాళ్ళు, పిల్లలు నీళ్ళలోకి దిగుతారు. ఒడ్డున చాప మీద కూర్చుని చెప్పులకి, ఫోన్లకి, టిఫిన్ క్యారియర్లకి కాపలా ఎవరు? చెప్పనక్కర్లేదు.

ఎవరూ జుల్మ్ చెయ్యాలని చేసేది కాదిది. ఆదత్. కానీ ఆదత్‌కి కూడా హిసాబ్ ఉంటుంది. 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో 49.4 శాతం మంది ఒంటికి కావాల్సినంత కదలిక లేకుండా బతుకుతున్నారని తేల్చింది. 2000లో ఇది 22 శాతం చిల్లర. మగవాళ్ళలో 42 శాతమైతే, ఆడవాళ్ళలో 57 శాతం.

"ఇంటి పనంతా చేస్తారు కదా, అంతకంటే ఎక్సర్‌సైజ్ ఏముంటుంది?" అని వెంటనే అనేవాళ్ళున్నారు. ఆ పరిశోధనలో ఇంటి పని కూడా లెక్కలో ఉంది. దాన్ని కలిపాక వచ్చిన సంఖ్యే ఇది. మన నానీమాలు బావినుంచి నీళ్ళు తోడారు, రోట్లో మసాలా నూరారు. ఇప్పుడు మోటారు వచ్చింది, మిక్సీ వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్, రావాల్సిందే. మిగిలిన పని ఏమిటి? పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడటం. మోకాళ్ళు అరుగుతాయి, నడుం పట్టేస్తుంది, గుండెకి మాత్రం కసరత్ దొరకదు. అలసట వేరు, కసరత్ వేరు.

పైగా షుగర్. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు అని చెప్పింది. కోట్ల లెక్క పక్కన పెట్టండి, మీ ఖాందాన్ గ్రూపులో ఉన్న పేర్లు చూడండి. దస్తర్‌ఖాన్ పరిచే ముందు మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఒక చెయ్యి సరిపోతే మీరు నసీబ్ ఉన్నవాళ్ళు.

సఫర్‌లో ఒక పరుగు పందెం

"మన దీన్‌లో, మన తహజీబ్‌లో ఆడవాళ్ళు ఇలా పరుగులు, నడకలు..." అని గొంతు సవరించుకునే పెద్దలకి ఒక రివాయత్ గుర్తు చేయాలి. సునన్ అబూ దావూద్‌లో, ముస్నద్ అహ్మద్‌లో ఉంది. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా స్వయంగా చెప్పారు. ఒక సఫర్‌లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆమెతో పరుగు పందెం పెట్టుకున్నారు. ఆమె గెలిచారు. కొన్నాళ్ళ తర్వాత, ఆమె కాస్త ఒళ్ళు చేశాక, మళ్ళీ పందెం. ఈసారి ఆయన గెలిచి, అప్పటి దానికి ఇది చెల్లు అన్నట్టు నవ్వుతూ మాట్లాడారు.

ఇందులో ఒక బారీక్ బాత్ ఉంది. ముస్నద్ అహ్మద్ రివాయత్ ప్రకారం ఆయన ముందు తన వెంట ఉన్నవాళ్ళని మీరు ముందుకు సాగండి అని పంపించేశారు. కారవాన్ ముందుకు పోయింది. వెనక చోటు ఖాళీ అయింది. అప్పుడు పందెం. ఆమె పర్దాకి, ఆమె ఆరామ్‌కి ఏం కావాలో ఆయనే ముందుగా ఇంతెజామ్ చేశారు. "నువ్వు కారులో కూర్చో" అనలేదు.

మన దగ్గర పర్దా పేరు చెప్పి కారు అద్దాలు ఎత్తేస్తాం. సున్నత్ చూపించిన దారి వేరు: ఆడవాళ్ళు హాయిగా కదిలే చోటు మగవాడు వెతికిపెట్టాలి.

ఒక సయీ దూరం

ఇక ఆ పదివేల అడుగుల సంగతి. అది ఏ హకీమూ, ఏ డాక్టరూ రాసిన నుస్ఖా కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. దాని పేరు మాన్‌పో-కెయి, అంటే పదివేల అడుగుల మీటరు. గుండ్రంగా, యాద్ ఉండేలా ఉందని ఆ సంఖ్య లోకమంతా పాకింది. యాభై ఐదేళ్ళ అమ్మీకి, అదీ మోకాళ్ళ నొప్పితో ఉన్న అమ్మీకి, మొదటిరోజే పదివేలు అని చెబితే రెండోరోజు ఆమె మంచం దిగదు.

2019లో అమెరికాలో సుమారు 17 వేల మంది పెద్దవయసు ఆడవాళ్ళ మీద జరిపిన పరిశోధన ఒకటి వచ్చింది. వాళ్ళ సగటు వయసు 72. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాల రేటు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. అంటే ఫాయిదా మొదలయ్యేది పదివేల దగ్గర కాదు, చాలా ముందే.

4,400 అడుగులంటే సుమారు 3 కిలోమీటర్లు. ఈ దూరం మనకి ఎక్కడో తెలిసినదే. సఫా, మర్వాల మధ్య ఒక విడత దాదాపు 450 మీటర్లు. ఏడు విడతలు కలిపితే 3 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఒక సయీ.

ఆ సయీ ఎవరి యాద్‌గార్? బిడ్డకి నీళ్ళ కోసం ఎడారిలో రెండు కొండల మధ్య పరుగులు తీసిన ఒక తల్లిది. హజ్రత్ హాజరా అలైహస్సలాంది. బాద్‌షా అయినా, ఆలిమ్ అయినా, మగాడైనా, ఆడదైనా హజ్‌కో ఉమ్రాకో వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆమె అడుగుల్లో అడుగు వెయ్యాల్సిందే. ఆ ఉమ్మత్‌లో ఆడవాళ్ళే సగానికి సగం నడక మరిచిపోతే ఏమనాలి?

మన ఇళ్ళలో ఎలా జరుగుతుందో తెలుసు కదా. ఇరవై ఏళ్ళు రూపాయి రూపాయి దాస్తారు. పిల్లల చదువులు, కూతుళ్ళ నికాహ్‌లు అయ్యాక, అరవై దాటాక ఉమ్రాకి బయల్దేరుతారు. అప్పటికి మోకాళ్ళుండవు. వీల్‌చైర్‌లో సయీ చేసినా కబూల్ అవుతుంది, ఉజ్ర్ ఉన్నవాళ్ళకి దీన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ నడవగలిగే వయసులో నడవనివ్వక, తర్వాత కుర్చీలో తోయడం ఏం ఇన్సాఫ్? పాస్‌పోర్టుకి ఎంత ముందుగా తయారవుతామో, కాళ్ళకి అంతకంటే ముందుగా తయారవ్వాలి.

అందుకే కుటుంబ సఫర్‌కి నేను చెప్పే లక్ష్యం ఇదొక్కటే: ఇంట్లో ప్రతి ఆడమనిషికీ రోజుకి ఒక సయీ దూరం. ఇది ఇబాదత్ అని అనడం లేదు, దీన్‌లో కొత్త రస్మ్ పెట్టడం లేదు. దూరానికి కొలత, అంతే. "నాలుగువేల నాలుగు వందలు" అంటే అమ్మీకి పట్టదు. "ఒక సయీ అంత నడుద్దాం అమ్మీ" అంటే ఆమె కళ్ళలో వెలుగు చూడండి.

ఖసర్ నేర్పే పాఠం

రెండో చిక్కు. ఇంటి దగ్గర నడిచే అలవాటున్నవాళ్ళు కూడా ప్రయాణంలో మానేస్తారు. "సఫర్ కదా, ఇంటికి వెళ్ళాక చూద్దాం." ఇంటికి వెళ్ళాక వారం పోతుంది, ఆ వారం నెల అవుతుంది.

సఫర్‌లో నమాజ్ ఏమవుతుంది? ఖసర్ అవుతుంది. జొహర్, అసర్, ఇషా నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతాయి. సగమవుతాయి, మాఫ్ కావు. ఫజర్, మగ్రిబ్ తగ్గవు కూడా. (హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి ఖసర్ మాట సరే. విజయవాడ నుంచి బందరు డెబ్బై కిలోమీటర్ల లోపే, ఆ మస్‌అలా మీ ఇమామ్ సాహెబ్‌ని అడగండి. నేను జర్నలిస్టుని, ముఫ్తీని కాను.)

ఒంటి విషయంలోనూ ఈ తరీఖా పెట్టుకుందాం. రోజూ నలభై నిమిషాలు నడిచేవాళ్ళు సఫర్‌లో ఇరవై నడవండి. యోగానో, ఇంకో కసరత్తో చేసే పిల్లలు సగం చెయ్యండి. కానీ ఫజర్, మగ్రిబ్‌ల్లా తగ్గకూడనివి కొన్నున్నాయి. షుగర్ మాత్ర, బీపీ మాత్ర, ఇన్సులిన్, నిద్ర. వీటికి ఖసర్ లేదు. ఇన్సులిన్ ఎండలో ఆపిన కారులో వదిలేస్తే పాడవుతుంది, చల్లగా ఉండే సంచీలో వెంట ఉంచుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు నడకకి వెళ్ళేటప్పుడు జేబులో రెండు మూడు ఖజూర్‌లు పెట్టుకోవాలి. ఒళ్ళు వణికినా, చెమటలు పట్టినా వెంటనే నోట్లో వేసుకోవడానికి.

ఇంకొకటి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ఖత్రా సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన 2007లో చెప్పింది. విమానమే కాదు, బస్సు, రైలు, కారు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. మామూలు మనిషికి ఆ ఖత్రా చిన్నదే. కానీ హైదరాబాదు నుంచి బందరుకి 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆరేడు గంటలు. ప్రతి రెండు గంటలకీ కారు ఆపండి. ఆపడమంటే అందరూ దిగడం. టీ కిటికీలోంచి కాదు.

మూడు రోజులు, మూడు చోట్లు

డెల్టాలో నడకకి ఒక సహూలత్ ఉంది. నేల చదును. మెట్లు లేవు, ఎత్తుపల్లాలు లేవు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఊరూరా కాలువ, కాలువకి గట్టు, గట్టు మీద చెట్ల నీడ. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, ఉక్కపోత చంపేస్తుంది. చలికాలమైతే ఫజర్ తర్వాత గంటసేపు స్వర్గమే.

గుడివాడ: ఇక్కడ మన చిక్కు నడక కాదు, దావత్. దాని సంగతి కింద చెబుతాను. ఫజర్ చదివాక ఇంట్లో మగవాళ్ళు పిల్లల పాలు, చాయ్ చూసుకోండి. ఖాలా, అమ్మీ, భాభీ, ఆడపిల్లలు కలిసి కాలువ గట్టు మీద అరగంట నడిచి రానివ్వండి. ఒక్కరే వెళ్ళడానికి సిగ్గుపడే మనిషి, అయిదుగురు కలిస్తే నవ్వుతూ వెళుతుంది. హై హీల్సూ, జారే చెప్పులూ వద్దు, బుర్ఖా కింద బూట్లు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

బందరు: గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా వస్తారు. పెడనలో దిగండి. కలంకారీ చూడండి. కలం, కారీ: రెండూ మన ఉర్దూలోకి ఫార్సీ నుంచి వచ్చిన మాటలే. కుతుబ్‌షాహీల కాలంలో బందరు రేవు నుంచి ఈ బట్టే ఇరాన్ దాకా వెళ్ళింది. చెక్క అచ్చులతో అద్దేవాళ్ళని, కాలువ నీళ్ళలో బట్ట ఉతికేవాళ్ళని, నేల మీద పరిచి ఆరబెట్టేవాళ్ళని చూస్తూ తిరిగితే తెలియకుండానే సగం సయీ అయిపోతుంది. బందరులో చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ కొట్లు ఉండనే ఉన్నాయి. ఆడవాళ్ళు బజారు తిరుగుతామంటే విసుక్కోకండి, ఆ అడుగులూ అడుగులే. బందరుకోట శిథిలాలు పిల్లలకి చూపించండి. పొద్దున్నే మంగినపూడి బీచ్, ఊరికి పది పదకొండు కిలోమీటర్లు. జనం పలచగా ఉన్నప్పుడు తడి ఇసుక మీద నడక. ఈసారి సామాన్ల కాపలా మగవాళ్ళది. షుగర్ ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతో నడవొద్దు, గవ్వ గీసుకున్నా తెలియదు, పుండు మాత్రం మానదు. నీళ్ళలోకి ఎవరు దిగినా మోకాలి లోతు దాటొద్దు.

దివిసీమ: బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ. అక్కడినుంచి నాగాయలంక ఒకవైపు, కోడూరు మీదుగా హంసలదీవి ఒకవైపు. కృష్ణ కరకట్ట మీద అసర్ తర్వాత నడవండి. నడుస్తుంటే ఈ నేల ఎంత చదునో కాలికి తెలుస్తుంది. మన మోకాళ్ళకి హాయినిచ్చే ఈ చదునే ఒకప్పుడు సముద్రానికి అడ్డు లేకుండా చేసింది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పోయినవాళ్ళు పదివేల దాకా. పిల్లలకి ఆ మాట ఆ గట్టు మీదే చెప్పండి. కారు అద్దంలోంచి చూస్తే అది వట్టి పొలం. నడిస్తే అది కొన్ని వేలమంది ఊరు. నవంబరులో వచ్చేవాళ్ళు తుపాను హెచ్చరిక చూసుకున్నాకే బయల్దేరండి.

దావత్‌కి జవాబు

మన మెహమాన్‌నవాజీ మీద నాకు ఫఖ్ర్ ఉంది. కానీ "ఇంకో ముద్ద, నా కసమ్" అనే ప్రేమ షుగర్ ఉన్నవాళ్ళ మీద జుల్మే. బగారా ఖానా, దాల్చా, మటన్, పైన ఖుబానీ కా మీఠా, వెళ్ళేటప్పుడు చేతిలో బందరు లడ్డూ డబ్బా. ఒకే రోజు రెండిళ్ళలో దావత్. వద్దంటే ఖాలా అలుగుతుంది.

ఖాలాని నారాజ్ చెయ్యక్కర్లేదు. వెళ్ళేముందు ఫోన్ చేసి చెప్పండి: "ఖాలా, మీ చేతి చేపల పులుసు చాలు, మీఠా వద్దు. తిన్నాక మీతో కలిసి కాస్త నడవాలి." ఈ డెల్టాలో చేపకి కరువు లేదు. భోంచేశాక పదిహేను నిమిషాలు. పూటకి అంతే. షుగర్ వచ్చే ఛాన్సు ఉన్న పెద్దవాళ్ళ మీద 2013లో జరిగిన ఒక పరిశోధన, మూడు పూటలా తిన్నాక పదిహేనేసి నిమిషాలు నడిస్తే రోజంతా రక్తంలో షుగర్ అదుపులో ఉంటుందని చెప్పింది. తిన్న వెంటనే దస్తర్‌ఖాన్ ఎత్తడం, గిన్నెలు కడగడం ఆడవాళ్ళ పనే అయితే వాళ్ళకి ఆ పదిహేను నిమిషాలు ఎక్కడివి? ఆ ఒక్క పని మగపిల్లలకి అప్పగించండి. ఇంట్లో సొంత పనులు తానే చేసుకోవడం కూడా సున్నతే అని వాళ్ళకి గుర్తు చెయ్యండి.

నీళ్ళు తాగని సఫర్

ఇప్పుడు అందరికీ తెలిసి, ఎవరూ బయటికి అనని మాట. సఫర్‌లో మన ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. బయల్దేరే ముందు నుంచే మానేస్తారు. ఎందుకంటే దారిలో వాళ్ళకి పరిశుభ్రమైన బాత్రూం దొరుకుతుందన్న భరోసా లేదు. మగాడు ఎక్కడైనా ఆగుతాడు. ఆమె ఆరుగంటలు బిగబట్టుకుని కూర్చుంటుంది. తర్వాత మూత్రంలో మంట, జ్వరం, తలనొప్పి. షుగర్ ఉంటే మరీ. నీళ్ళు తాగని మనిషిని పదివేల అడుగులు నడవమనడం మజాక్.

కాబట్టి కారు బయల్దేరే ముందు మగవాళ్ళు చెయ్యాల్సిన మొదటి పని టైర్లలో గాలి చూడటం కాదు. దారిలో శుభ్రమైన బాత్రూం ఉన్న పెట్రోలు బంకులు, హోటళ్ళు, చుట్టాల ఇళ్ళు ఎక్కడున్నాయో రాసుకోవడం. తాగే నీళ్ళు సరిపడా తీసుకెళ్ళండి, తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

మన మసీదు కమిటీలకి అదబ్‌తో ఒక గుజారిష్. పెద్ద రోడ్ల పక్కనున్న మసీదుల్లో మగ ముసాఫిర్ వుజూ చేసుకుంటాడు, నమాజ్ చదువుకుంటాడు, ఫ్యాను కింద నడుం వాలుస్తాడు. అతని బేగం, అమ్మీ అప్పుడు ఎక్కడున్నారు? చాలాచోట్ల బయట కారులో. ఒక గది, ఒక బాత్రూం, ఒక నల్లా, తలుపుకి లోపలి నుంచి గడియ. మీనార్‌కి పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు? ఈ సవాబ్ ఎవరు ముందు సంపాదిస్తారో చూద్దాం. విజయవాడ నుంచి బందరు దాకా, బందరు నుంచి అవనిగడ్డ దాకా ఒక్కో కమిటీ ఒక్కో గది కడితే చాలు, డెల్టా సఫరే మారిపోతుంది.

"సెలవులంటే ఆరామ్ కదా"

చివరిగా ఒక ఏతరాజ్. "సంవత్సరమంతా చాకిరీ చేస్తారు, ఆ నాలుగు రోజులన్నా కూర్చోనివ్వండి, నడక కూడా డ్యూటీ చేస్తారా?" ఇది న్యాయమైన మాట. చాకిరీ మీద నడక కలిపితే అది కొత్త చాకిరీయే. అందుకే ముందు చాకిరీ తగ్గాలి అంటున్నాను. పూటకో వంట వద్దు, ఒకపూట బయట తినండి. సంచులు సర్దడం, పిల్లల్ని తయారుచెయ్యడం పంచుకోండి. అప్పుడు మిగిలిన వక్త్‌లో ఆమె నడుస్తుందో, చెట్టు కింద కూర్చుంటుందో, ఆమె మర్జీ. బలవంతం చెయ్యకండి, అడుగుల లెక్క అడగకండి, ఒంటి బరువు మీద నలుగురిలో మాట అనకండి. గుండె జబ్బు, మోకాళ్ళ ఆపరేషన్ ఉన్నవాళ్ళు తమ డాక్టర్‌ని అడిగి నడవాలి. మీరు చోటు ఇవ్వండి. నడక ఆమె చూసుకుంటుంది.

మన ఒంటికి మన మీద హక్ ఉందని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పారు. ఆ హక్ అమ్మీ ఒంటికీ ఉంది, బేగం ఒంటికీ ఉంది.

కాబట్టి ఈసారి ఖాందాన్ గ్రూపులో ప్లాన్ పెట్టేటప్పుడు మొదటి మెసేజ్ మార్చి రాయండి. "పదివేల అడుగులు" అని కాదు. "అమ్మీ, ఆపా, భాభీ, మీరు పొద్దున నడుస్తారా, సాయంత్రం నడుస్తారా? చాయ్ మేం పెడతాం." జవాబు వచ్చాకే కారు బుక్ చెయ్యండి. రావడం ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.

సఫర్ సలామత్‌గా సాగాలి, ఇన్షాఅల్లాహ్. దువాల్లో యాద్ ఉంచుకోండి.

అల్లాహ్ హాఫిజ్.